బిగిస్తే బిర్రు, వదిలితే ఊగు: ఆరు నెలల్లో నాలుగు జతల ముందు చక్రం బేరింగులు పోయిన కేసు

అనంతపురంలో ద్విచక్ర వాహనాల మరమ్మతు పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. చక్రం బేరింగు మార్చడం ఈ పనిలో పెద్ద విద్యేమీ కాదు. రెండు స్పానర్లు, ఒక సుత్తి, ఒక పొడవాటి పంచ్ ఉంటే ఇంటి వాకిట్లోనే చేసుకోవచ్చు. అయినా ఈ ఒక్క కేసును వివరంగా రాసిపెడుతున్నాను. ఎందుకంటే ఇందులో నాకు మొదట దొరికిన తప్పు నిజమైన తప్పే, కానీ బేరింగులు పోవడానికి అసలు కారణం అది కాదు. ఆ తేడా తెలుసుకోవడానికి నా చేతిమీదుగా కూడా ఒక జత బేరింగులు పాడయ్యాయి. బండి యజమానిని గుర్తుపట్టే వివరాలను వదిలేశాను. పనికి సంబంధించిన కొలతలను మాత్రం అలాగే ఉంచాను.

నేపథ్యం

బండి ముందు, వెనుక డ్రమ్ బ్రేకులున్న సాధారణ కమ్యూటర్ మోటార్‌సైకిలు. యజమాని అనంతపురం చుట్టుపక్కల పల్లెలో ఉండే పాడిరైతు. తెల్లవారుజామున పాల క్యాన్లు కట్టుకొని పట్నానికి వచ్చి తిరిగి వెళ్తాడు. రోజుకు సుమారు 50 కిలోమీటర్లు. దారిలో కొంతభాగం ఎర్రమట్టి బాట. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ)కి నీళ్లు వదిలిన నెలల్లో బండిని కాలువ పక్క మడుగులోకి దింపి, హబ్ (బేరింగులుండే చక్రం నడిమి భాగం) మునిగేదాకా నిలబెట్టి కడగడం ఆయనకు అలవాటు. మెత్తటి ఎర్రమట్టి నీళ్లతో కలిస్తే సానబట్టే పిండిలా పనిచేస్తుంది. మట్టి లోపలికి పోకుండా అడ్డుకునే రబ్బరు వలయం, అంటే డస్ట్ సీలు, దాని పెదవి కొద్దిగా అరిగి ఉంటే చాలు, ఆ పిండి బేరింగు దాకా చేరుతుంది.

కంపెనీ నుంచి వచ్చిన బేరింగులు దాదాపు ఆరేళ్లు నడిచాయి. అవి చప్పుడు మొదలుపెట్టాక కూడా, పాల పని ఆగుతుందని, ఆయన మరో నెల రోజులు అలాగే నడిపాడు. ఈ నెల రోజులే ఈ కేసుకు కీలకమని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

ఆ తర్వాత పట్నంలోని ఒక షాపులో బేరింగులు మార్చారు. హ్యాండిల్ కొట్టుకుంటోందని కోన్‌సెట్టు (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) కూడా మార్చారు. రెండు నెలల్లో మళ్లీ చప్పుడు వచ్చింది. అదే షాపులో ఇంకో జత వేస్తే అది రెండు నెలలు కూడా నిండలేదు. విసిగిపోయిన ఆయన కొడుకు వీడియోలు చూసి మూడో జతను ఇంట్లోనే వేశాడు. అది నలభై రోజులు నడిచింది. అప్పుడు బండి నా దగ్గరికి వచ్చింది.

వచ్చిన సమస్య

బండిని సెంటర్ స్టాండు వేసి, ఇంజను కింద చెక్కదిమ్మ పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపాను. టైరును పైనా కిందా పట్టుకొని ఊపితే టకటకమంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఊపినప్పుడు ఫోర్కుతో (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కాళ్లతో) సహా మొత్తం కదిలితే లోపం కోన్‌సెట్టులో ఉన్నట్టు. ఫోర్కు కాళ్లు కదలకుండా వాటి మధ్య చక్రం ఒక్కటే కదిలితే లోపం చక్రం బేరింగులో ఉన్నట్టు. ఒకరు ఫోర్కు కాలిని గట్టిగా పట్టుకుంటే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఈ బండిలో కదిలింది చక్రమే. అంటే మొదట్లో మార్చిన కోన్‌సెట్టు ఖర్చు అనవసరమైనదే కావచ్చు.

చక్రం విప్పుతుండగా రైతు కొడుకైన ఆ అబ్బాయి ఒక మాట అన్నాడు: “అన్నా, నట్టు బిగిస్తే సక్రం బిర్రయితాది, వదిలితే ఊగుతాది. యాడ ఆపల్లో తెలీల్యా.” నేను తలూపి, కొత్తగా చేసేవాళ్లకు అలాగే ఉంటుందిలే అనుకున్నాను. రోగ నిర్ణయమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. నేను దాన్ని విన్నాను కానీ పట్టించుకోలేదు.

నా మొదటి నిర్ణయం

బేరింగు అంటే ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు ఉక్కు రింగులు, వాటి మధ్య గాడిలో దొర్లే గుండ్లు. బేరింగులు బయటికి తీసి చూస్తే లోపలి రింగు అంచుల మీద సుత్తి దెబ్బల గుర్తులు ఉన్నాయి. బయటి రింగుకు సరిపోయే సాకెట్టు లేక, చిన్న సాకెట్టును లోపలి రింగు మీద పెట్టి కొట్టానని అబ్బాయి దాచకుండా చెప్పాడు. ఇది నిజంగా తప్పే. హబ్‌లో బిగుతుగా కూర్చునేది బయటి రింగు. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా బయటి రింగుకు చేరుతుంది, దారిలో గుండ్లు గాడిలో కంటికి ఆనని సొట్టలు పెడతాయి. ఆ సొట్టల మీద చక్రం తిరిగిన ప్రతిసారీ లోహం కొద్దికొద్దిగా పెచ్చులూడుతుంది. పాత బేరింగును తీసేటప్పుడు మాత్రం లోపలి రింగునే కొట్టక తప్పదు. అందుకే ఒకసారి తీసిన బేరింగును మళ్లీ వేయకూడదు.

నలభై రోజుల్లో పోవడానికి కారణం దొరికిందని నేను అక్కడితో వెతకడం ఆపేశాను. ఆ అబ్బాయి చెయ్యి పెట్టకముందు షాపులో వేసిన రెండు జతలు ఎందుకు పోయాయన్న ప్రశ్న నా ఎదుటే ఉంది. దానికి చవక రకమో నకిలీ సరుకో వేసి ఉంటారని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. ఆధారం లేని జవాబుతో ప్రశ్నను మూసేయడమే ఇందులో నా అసలు పొరపాటు.

నమ్మకమైన డీలరు దగ్గర 6301 బేరింగులు రెండు తెచ్చాను. ఈ అంకె గురించి ఒక మాట చెప్పాలి. చివరి 01 అంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు. 63 శ్రేణిలో ఆ రంధ్రానికి బయటి వ్యాసం 37, వెడల్పు 12 మిల్లీమీటర్లు ఉంటాయి. అంకె తర్వాత టూ ఆర్ ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీళ్లు, డబుల్ జెడ్ అని ఉంటే రేకు మూతలు ఉన్నాయని అర్థం. మన మట్టికి, నీళ్లకు రబ్బరు సీళ్లదే మేలు. షాపువాడి జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా పాత బేరింగు మీది అంకెను చదివి కొనాలి.

బయటి రింగు మీదే ఆనే సాకెట్టు పెట్టి, వంకర పోకుండా రెండింటినీ దింపాను. చక్రం ఎక్కించి యాక్సిల్ (ఇరుసు) నట్టును మాన్యువల్‌లో చెప్పినంత బిగువుతో, బిగువును కొలిచే టార్క్ రెంచితో బిగించాను. చక్రాన్ని చేత్తో తిప్పితే రెండు చుట్లు తిరిగి ఆగింది. కొత్త సీళ్లు కొద్దిగా పట్టుకుంటాయి, బ్రేక్ షూ కూడా కొంచెం రాసుకుంటోంది, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది అనుకున్నాను.

అది మూడు వారాల్లో పోయింది.

మళ్లీ మొదటి నుంచి

ఆరు నెలల్లో పోయిన నాలుగు జతల్లో అన్నిటికంటే శ్రద్ధగా వేసిన జతే అన్నిటికంటే తొందరగా పోయింది. ఈ విషయం దగ్గర చాలాసేపు ఆగాను. సరుకు మంచిది, దింపిన పద్ధతి సరైనది. మిగిలిన తేడా ఒక్కటే: నట్టును పూర్తి బిగువుతో బిగించింది నేను ఒక్కడినే. చక్రం బిర్రవుతుంటే ఆ అబ్బాయి నట్టును కొంత వదులుగా ఉంచాడు. షాపులో కూడా అదే చేసి ఉంటారు. వదులుగా ఉంచడం ప్రమాదం, కానీ అదే బేరింగులకు కొన్నాళ్లు ఆయుష్షు పోసింది. బిగువు పెరిగినకొద్దీ ఆయుష్షు తగ్గుతోందంటే, బిగించినప్పుడు వచ్చే బలం వెళ్లాల్సిన దారిన వెళ్లడం లేదని అర్థం. అప్పుడు గుర్తొచ్చింది అబ్బాయి చెప్పిన మాట.

హబ్ లోపల రెండు బేరింగుల మధ్య ఒక ఇనుప గొట్టం ఉంటుంది. మెకానిక్కులు దాన్ని డిస్టెన్స్ పైపు అనో, లోపలి బుష్ అనో అంటారు. యాక్సిల్ నట్టు బిగించినప్పుడు ఫోర్కు కాళ్లు, బేరింగుల బయటి పక్కన యాక్సిల్ మీద ఉండే పొట్టి గొట్టాలు (కాలర్లు), రెండు బేరింగుల లోపలి రింగులు, మధ్యలోని ఈ పైపు అన్నీ కలిసి ఒకే కడ్డీలా బిగుసుకుంటాయి. నట్టు బలమంతా ఆ వరస గుండానే పోతుంది. గుండ్ల మీదికి రాదు. పైపు పొట్టిదైతే లోపలి రింగులు ఆనడానికి మధ్యలో ఏమీ ఉండదు. నట్టు వాటిని హబ్ నడిమికి లాగుతుంది, బయటి రింగులేమో హబ్‌లోని మెట్టు మీద ఆని కదలవు. గుండ్లు గాడి అడుగు వదిలి పక్కగోడ ఎక్కుతాయి. గ్రీజు పొర చిట్లుతుంది, వేడి పుడుతుంది, బేరింగు కాలిపోతుంది.

ఇది ఊహే. ఒకసారి ఊహతో దెబ్బతిన్నాను కాబట్టి ఈసారి ఆధారం కావాలనిపించింది. పాడైన రెండు బేరింగులకు ఏది ఏ వైపుదో, ఏ ముఖం లోపలిదో పెయింటుతో గుర్తు పెట్టి, బయటి రింగులను గ్రైండరుతో రెండు చోట్ల కోసి, గుడ్డ చుట్టి వైసులో బిగించి పగలగొట్టాను. ఇది గట్టిపరచిన ఉక్కు, విరిగేటప్పుడు ముక్కలు ఎగురుతాయి. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకూడదు. మోటార్‌సైకిలు చక్రంలో తిరిగేది బయటి రింగు గనుక గుండ్ల జాడ దాని చుట్టూ పూర్తిగా పడుతుంది. ఆ జాడ ఆరోగ్యంగా ఉన్న బేరింగులో గాడి నడుమ ఉండాలి. ఇక్కడ రెండింటిలోనూ బయటి రింగు జాడ హబ్ నడిమి వైపు ఒరిగింది, లోపలి రింగు జాడ బయటి వైపు ఒరిగింది. ఒకదానికొకటి అద్దంలో బింబంలా ఉన్నాయి. లోపలి రింగులను లోపలికి లాగితే పడే గుర్తు అదే. బేరింగును మరీ లోతుకు కొట్టి పైపును నలిపేస్తే లోపలి రింగులు బయటికి నెట్టబడి జాడలు దీనికి ఎదురు వైపుల్లో పడేవి.

తర్వాత కొలతలు తీసుకున్నాను. హబ్ మొత్తం వెడల్పు 88.4 మిల్లీమీటర్లు. బేరింగులు కూర్చునే గూళ్ల లోతు ఒకవైపు 14.1, రెండో వైపు 13.9. ఆ రెండూ తీసేస్తే మెట్టు నుంచి మెట్టుకు దూరం 60.4 మిల్లీమీటర్లు. పైపు పొడవు ఒకచోట 59.7, తిప్పి ఇంకోచోట కొలిస్తే 59.5. మూడుసార్లు కొలిచినా అంతే వచ్చింది. పైపు కనీసం 0.7 మిల్లీమీటర్లు పొట్టిగా ఉంది, పైగా చివర చదునుగా లేదు. ఆ చివర నునుపుగా మెరుస్తూ సన్నటి మెట్టులా అరిగి ఉంది.

ఎలా అరిగిందో ఇప్పుడు తెలిసింది. మొదటి బేరింగు పట్టేశాక కూడా బండి నెల రోజులు నడిచింది. గుండ్లు తిరగనప్పుడు లోపలి రింగే చక్రంతో పాటు తిరుగుతుంది. పక్కనే కదలకుండా ఉన్న పైపు చివరను, మధ్యలో చేరిన ఎర్రమట్టితో కలిసి, సానరాయిలా అరగదీస్తుంది. ఆ తర్వాత ఎన్ని కొత్త బేరింగులు వేసినా అవన్నీ ఆ అరిగిన పైపు పక్కనే కూర్చున్నాయి. నాతో సహా చూసినవాళ్లందరికీ అది ఉత్త గొట్టంలాగే కనిపించింది.

ఏ మరమ్మతు ఎంచుకోవాలి

మూడు దారులున్నాయి. మొదటిది, లోటున్న చోట పలుచటి వాషరు వేయడం. ఐదు నిమిషాల్లో అయిపోయే పని, కానీ పైపు చివర వంకరగా ఉండగా వాషరు సమంగా ఆనదు. పైగా అది పక్కకు జారి యాక్సిల్ దూరేటప్పుడు నలుగుతుంది. రెండోది, లేత్ షాపులో కొత్త పైపు కోయించడం. మంచి పనివాడు దొరికితే ఇది సరైనదే, రెండు చివరలు ఒకదానికొకటి సమాంతరంగా రావడం మాత్రం తప్పనిసరి. మూడోది, కంపెనీ పైపు తెప్పించడం. నాలుగు రోజులు ఆగాలి. అప్పటిదాకా పాలు పోయడానికి నా షాపులో ఉన్న పాత బండి ఇచ్చి, మూడో దారి పట్టాను. వచ్చిన పైపు 60.5 మిల్లీమీటర్లుంది, అంటే మెట్టు దూరం కన్నా 0.1 ఎక్కువ. ఉండాల్సింది అలాగే, పైపు ఎప్పుడూ కొంచెం పొడవు వైపే ఉండాలి.

బేరింగు గూళ్లు వదులయ్యాయేమో కూడా చూశాను, ఎందుకంటే ఇన్నిసార్లు తీసి వేస్తే అవి సాగవచ్చు. చల్లగా ఉన్నప్పుడు కొత్త బేరింగు బొటనవేలి ఒత్తిడికి దిగలేదు కాబట్టి పట్టు ఇంకా ఉందని తేల్చుకున్నాను. వదులైన గూడులో చుట్టూ పంచ్ గుర్తులు కొట్టి బిగుతు తెచ్చే అలవాటు మన దగ్గర ఉంది. ఆ బిగుతు ఆ చిన్న మొనల మీదే ఉంటుంది, కొద్ది వారాల్లో అవి అణగిపోతాయి.

ఇంటి వాకిట్లో చేసిన పని

ఈసారి పనిని వాళ్లింటి దగ్గరే, అబ్బాయి చేతులతోనే చేయించాను. చక్రం మళ్లీ విప్పాల్సి వస్తే చేసేది అతనే. పైగా తప్పంతా తనదేనన్న దిగులు అతనిలో ఉంది, దానికి కొంతవరకు నేనూ కారణం.

వాళ్ల వాకిట్లో నల్లటి కడప బండ పరిచి ఉంది. ఎండ తిరగబడక ముందే చక్రాన్ని దాని మీద పెట్టాము. కొత్త బేరింగులను ముందురోజు రాత్రే ప్లాస్టిక్ కవర్లో గట్టిగా చుట్టి ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టే చోట పెట్టించాను. కవరు లేకపోతే బయటికి తీయగానే వాటికి చెమట పడుతుంది. అల్యూమినియం హబ్ వేడికి ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. హబ్ 40 డిగ్రీలు వేడెక్కితే 37 మిల్లీమీటర్ల గూడు సుమారు 0.03 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బేరింగు 50 డిగ్రీలు చల్లబడితే 0.02 తగ్గుతుంది. బేరింగు పట్టు ఉండేదే ఆ కొద్ది వందో వంతుల్లో. ఎండ చాలని చోట మరిగే నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డను హబ్ బయటి వైపు చుట్టాము; గూటిలోకి గానీ, బ్రేకు డ్రమ్ములోకి గానీ నీటిచుక్క పోనివ్వలేదు. హబ్ 70 డిగ్రీలు దాటిందని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చూపింది. బ్లో ల్యాంపు మంట పెట్టనివ్వలేదు, అది ఒకేచోట కాల్చి హబ్‌ను వంకర చేయగలదు.

బ్రేకు వైపు బేరింగును ముందు దింపాము. మూడొంతులు చేతి ఒత్తిడికే దిగింది. మిగతాది పాత బేరింగు బయటి రింగును అడ్డం పెట్టి మెల్లగా తట్టాడు. మెట్టుకు ఆనగానే సుత్తి చప్పుడు బొంగురు నుంచి గట్టి ఖంగుమనే శబ్దానికి మారుతుంది. ఆ శబ్దం వినగానే ఆపాలి. తర్వాత పైపు పెట్టి రెండో వైపు బేరింగు దించాము. ఇక్కడ ఎక్కువ ఓపిక కావాలి. రెండో బేరింగు ఆగాల్సింది మెట్టు దగ్గర కాదు, లోపలి రింగు పైపును తాకిన చోట. ప్రతి రెండు దెబ్బలకు వేలు లోపల పెట్టి పైపును పక్కకు తోసి చూడమన్నాను. మొదట గలగలా ఆడిన పైపు, కొంచెం పట్టుకొని వేలితో తోస్తే మాత్రం కదిలే దశకు వచ్చాక ఆపేశాము. కొత్త డస్ట్ సీలు, దాని పెదవి తిరిగే కాలరు కూడా కొత్తవే వేశాము, ఎందుకంటే పాత కాలరు మీద గోరుకు తగిలేంత గాడి పడింది.

బ్రేకు ప్లేటు ఎక్కించక ముందే ఒక పరీక్ష చేయించాను. యాక్సిల్‌ను ఉత్త చక్రంలో దూర్చి, రెండు వైపులా లోపలి రింగు మీద మాత్రమే ఆనే పాత కాలర్లు, గొట్టం ముక్కలు పేర్చి నట్టు బిగించాలి. నట్టు వదులుగా ఉన్నప్పుడు చక్రం ఎంత తేలికగా తిరుగుతుందో, గట్టిగా బిగించాక కూడా అంతే తేలికగా తిరిగితే పైపు పొడవు సరిపోయినట్టు. అబ్బాయి ముందు కొత్త పైపుతో చేసి చూశాడు, తేడా లేదు. పాత పైపుతో తేడా ఎలా ఉంటుందో చూపమన్నాడు గానీ, దానికి ఒక మంచి బేరింగు బలి కావాలి కాబట్టి ఒప్పుకోలేదు.

ఈ కేసు నుంచి నా పనిలోకి వచ్చిన మార్పులు

ఇప్పుడు ముందో వెనుకో చక్రం బేరింగు మార్చే ప్రతి బండికీ ఈ పైపు చివరలను వెలుగులో చూస్తాను, పొడవు కొలుస్తాను. వర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) లేని ఇంట్లో అయితే పైన చెప్పిన ఉత్త చక్రం పరీక్ష చాలు. ఎక్కించాక చక్రం తేలికగా తిరగకపోతే సర్దుకుంటుందని వదలను. బ్రేకు అడ్జస్టరు పూర్తిగా వదిలేసి, నట్టును వదులుగా ఒకసారి, బిగించి ఒకసారి తిప్పి చూస్తాను. రెండింటికీ తేడా ఉంటే ఆ పట్టు సీలుదీ కాదు, బ్రేకుదీ కాదు.

రెండోది, ఒక తప్పు కనిపించగానే దానితో జరిగినదంతా సరిపోతుందా అని ముందు అడుగుతాను. సుత్తి దెబ్బలు మూడో జతను వివరించాయి. మొదటి రెండింటినీ వివరించలేదు. ఆ మిగిలిన రెండింటిని నేను అప్పుడే లెక్కలోకి తీసుకుని ఉంటే నాలుగో జత పోయేది కాదు. బండి నడిపేవాడు తన మాటల్లో చెప్పిన లక్షణాన్ని ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాసుకుంటున్నాను.

తర్వాత

ఆ సాయంత్రమే ఇరవై కిలోమీటర్లు నడిపించాను. చివరి రెండు కిలోమీటర్లు ముందు బ్రేకు ముట్టుకోవద్దని చెప్పాను, లేకపోతే డ్రమ్ము వేడికీ బేరింగు వేడికీ తేడా తెలియదు. దిగగానే హబ్ మీద అరచెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా కూడా లేదు. వారానికొకసారి ఇలా చెయ్యి పెట్టి చూడమని తండ్రికి చెప్పాను, ఆయన మరిచిపోకుండా చూస్తున్నాడు. బండిని ఇప్పటికీ కాలువ దగ్గరే కడుగుతాడు, కానీ మడుగులోకి దింపకుండా గట్టు మీద నిలబెట్టి బక్కెటతో పోస్తున్నాడు.

తొమ్మిది నెలల్లో సుమారు 13,000 కిలోమీటర్లు తిరిగాక, టైరు మార్చడానికి వచ్చినప్పుడు బేరింగులు తీయకుండానే లోపలి రింగులను వేలితో తిప్పి చూశాను. ఎక్కడా గరుకు లేదు. సీలు పెదవి దగ్గర కొద్దిగా మట్టి చేరితే తుడిచి, పలుచగా గ్రీజు రాసి మళ్లీ వేశాము. యాక్సిల్ నట్టును ఈసారి అబ్బాయే టార్క్ రెంచితో పూర్తి బిగువుకు బిగించాడు. చక్రం చాలాసేపు తిరిగి ఆగింది.